చర్మం బిగుతు చికిత్సలు: సర్జరీ లేకుండా ఏది ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

డాక్టర్‌గా నేను ఉదయం ఒకరికి చెప్పిన జవాబే సాయంత్రం ఇంకొకరికి చెబుతుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మెషీన్ పేరు పట్టుకుని వస్తారు. "నాకు హైఫు చేయండి", "థర్మేజ్ మంచిదటగా" అని. ఈ రెండూ చర్మం లోపల వేడి పుట్టించి బిగించే మెషీన్లు. ముందు తేలాల్సింది మెషీన్ సంగతి కాదు, ముఖంలో ఏం మారిందన్న సంగతి. అది తేల్చుకోకుండా డబ్బు పోసి, ఆరు నెలల తర్వాత అద్దం ముందు దిగులుపడేవాళ్లను చూసి చూసి, మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలన్నీ ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఇంకా ఆలోచనలో ఉన్నప్పుడు

ఫొటోల్లో ముఖం జారినట్టుంది. నాది చర్మం వదులవడమేనా, ఇంకేదైనానా?

ముఖం కిందికి దిగినట్టు కనిపించడానికి ఒకటే కారణం ఉండదు. చర్మం సాగి ఉండొచ్చు. లోపలి కొవ్వు తగ్గి బుగ్గ పీక్కుపోయి ఉండొచ్చు. గడ్డం కింద కొవ్వు చేరి ఉండొచ్చు. మెడ కండరం పట్టీల్లా పైకి తేలి ఉండొచ్చు. బిగుతు మెషీన్లు ప్రధానంగా పనికొచ్చేది మొదటిదానికే.

ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతి అద్దం తీసుకుని కిటికీ వెలుతురులో కూర్చుని ముఖం చూసుకోండి. తర్వాత వెల్లకిలా పడుకుని అదే అద్దాన్ని ముఖానికి పైన పట్టుకోండి. పడుకోగానే దవడ గీత తేరి, బుగ్గ వెనక్కి సర్దుకుంటే మీది జారుడు. పడుకున్నా కళ్ల కింద, బుగ్గల్లో గుంటలు అలాగే ఉంటే అక్కడ నిండుదనం తగ్గిందన్నమాట. ఇప్పుడు గడ్డం కింద రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. పల్చటి బట్టలా పైకొస్తే చర్మం, మెత్తగా మందంగా తగిలితే కొవ్వు.

నా ఎదురుగా కూర్చున్నవాళ్లు చెవి ముందు చర్మాన్ని వేలితో వెనక్కి లాగి "ఇదిగో, ఇలా కావాలి" అని చూపిస్తుంటారు. నేను ముఖం కంటే ముందు ఆ వేలినే చూస్తాను. రెండు మూడు మిల్లీమీటర్లు జరిపి తృప్తిపడేవాళ్లకు మెషీన్ ఉపయోగపడే అవకాశం ఉంది. సెంటీమీటరు పైన లాగితే గానీ నచ్చకపోతే అది సర్జన్ చేయాల్సిన పని. ఆ మాట మొదటి రోజే చెప్పేయడం మంచిది.

అసలు చర్మం ఎందుకు వదులవుతుంది?

పై పొర కింద డెర్మిస్ అనే మందపాటి పొర ఉంటుంది. దానికి గట్టిదనం ఇచ్చేది కొలాజెన్. సాగదీసి వదిలితే మళ్లీ సర్దుకునే గుణం ఇచ్చేది ఎలాస్టిన్. ఇరవైలు దాటినప్పటి నుంచి కొలాజెన్ ఏటా సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుందని అంచనా. ఆడవాళ్లలో మెనోపాజ్ తర్వాత మొదటి 5 ఏళ్లలోనే దాదాపు 30 శాతం దాకా పోతుంది. "ఉన్నట్టుండి ముసలిదాన్నయిపోయాను డాక్టర్" అని ఆ వయసువాళ్లు అంటే అది వాళ్ల భ్రమ కాదు. ఎండలోని యూవీఏ కిరణాలు కిటికీ అద్దం దాటుకుని కూడా వచ్చి డెర్మిస్‌ను చేరతాయి. సిగరెట్ ఆ నష్టాన్ని ఇంకా పెంచుతుంది.

సర్జరీ లేకుండా ఎంత తేడా వస్తుంది? ఉన్నదున్నట్టు చెప్పండి.

వస్తుంది, కానీ కొద్దిగా, మెల్లగా. దవడ గీత కాస్త తేరుతుంది. కనుబొమ్మ ఒకటి రెండు మిల్లీమీటర్లు లేస్తుంది. మెడ మీద నలిగిన కాగితంలా ఉన్న చర్మం కొంత నునుపవుతుంది. పక్కవాళ్లు "ఏంటి, బాగా నిద్రపోయినట్టున్నావే" అంటారే తప్ప ముఖం మారిపోయిందని అనరు.

ఫేస్‌లిఫ్ట్‌లో సర్జన్ లోపలి పొరను పైకి లాగి కుడతారు, మిగిలిన చర్మాన్ని కత్తిరించి తీసేస్తారు. అదనంగా ఉన్న చర్మాన్ని తీసేసే మెషీన్ ఏదీ లేదు. అందుకే "నాన్ సర్జికల్ ఫేస్‌లిఫ్ట్" అనే మాట నాకు నచ్చదు. అది లేనిపోని ఆశ పెట్టి చివరికి మనిషిని బాధపెడుతుంది. ఇంకో నిజం కూడా చెప్పాలి. అన్నీ సరిగ్గా చేసినా కొంతమందిలో కంటికి కనిపించేంత మార్పు రాదు. ఎవరికి వస్తుందో ముందే పక్కాగా చెప్పే పరీక్ష లేదు.

ఏ వయసులో చేయించుకుంటే మంచిది? ముందే చేయిస్తే ముడతలు రాకుండా ఆపొచ్చా?

మధ్యవయసులో, జారుడు ఇంకా కొద్దిగా ఉన్నప్పుడు ఫలితం బాగా కనిపిస్తుంది. అంటే సుమారు 35 నుంచి 55 మధ్య. ఈ చికిత్సలన్నీ శరీరం కొత్త కొలాజెన్ తయారు చేసుకోవడం మీదే ఆధారపడతాయి కాబట్టి, ఆ శక్తి మిగిలి ఉన్న చర్మంలోనే పని జరుగుతుంది. అలాగని 60 దాటినవాళ్లకు వద్దని కాదు, ఆశ తగ్గించుకుని రావాలి. ఇరవైల్లో ఉన్నవాళ్లు "ముందు జాగ్రత్తగా" అని అడిగితే నేను చేయను. జారని చర్మాన్ని కాల్చడం వల్ల వచ్చే లాభం తక్కువ, లోపలి కొవ్వు పోయే ప్రమాదం మాత్రం ఉంది. ఆ వయసు ముఖానికి అందం ఇచ్చేదే ఆ కొవ్వు.

క్రీములతో, కొలాజెన్ పొడులతో బిగుతు రాదా?

జారిన దవడను క్రీమ్ పైకి లేపలేదు. కానీ చర్మం నాణ్యత విషయంలో రెండింటికి గట్టి ఆధారం ఉంది. ఒకటి ట్రెటినోయిన్ లాంటి రెటినాయిడ్ క్రీమ్. నెలల తరబడి వాడితే సన్నటి ముడతలు తగ్గుతాయి. గర్భంతో ఉన్నవాళ్లు మాత్రం వాడకూడదు. రెండోది సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలో 55 ఏళ్లలోపు వయసున్న 903 మందిని నాలుగున్నర సంవత్సరాలు పరిశీలించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లలో చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉందని 2013లో వెల్లడైంది. నోటితో తీసుకునే కొలాజెన్‌తో చర్మంలో తేమ, సాగే గుణం కొద్దిగా మెరుగైనట్టు కొన్ని అధ్యయనాలు చెప్పాయి. వాటిలో చాలావాటికి డబ్బు ఇచ్చింది తయారీదారులే. జారిన చర్మం కోసమైతే ఆ ఖర్చు పెట్టమని నేను చెప్పను.

బరువు బాగా తగ్గాను. ముఖం, మెడ వేలాడుతున్నాయి. ఏం చేయాలి?

ముందు బరువు నిలకడగా ఉండనివ్వండి. కనీసం కొన్ని నెలల పాటు ముల్లు ఒకేచోట ఉండాలి. వేగంగా బరువు తగ్గినప్పుడు ముఖంలో కొవ్వు పోతుంది, దాని మీద కప్పిన చర్మం అలాగే మిగులుతుంది. ఇలాంటి ముఖంలో లోతుగా వేడి పెట్టే చికిత్స చేస్తే ఉన్న కాస్త కొవ్వు కూడా కరిగి ఇంకా పీక్కుపోవచ్చు. కొద్దిపాటి జారుడైతే పై పొరల్లో పనిచేసే చికిత్స, దాంతో పాటు నిండుదనం తెచ్చే ఇంజెక్షన్ ఆలోచించవచ్చు. చాలా ఎక్కువ బరువు తగ్గి చర్మం మడతలుగా వేలాడుతుంటే మెషీన్ల కోసం తిరగకుండా ప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి.

## ఏది ఎంచుకోవాలో తేల్చుకునేటప్పుడు

రేడియో ఫ్రీక్వెన్సీ అంటే కరెంటు షాక్ లాంటిదా?

కాదు. విద్యుత్ తరంగం చర్మంలోంచి వెళ్లేటప్పుడు కణజాలం దాన్ని అడ్డుకుంటుంది. ఆ అడ్డుకోవడంలోంచే వేడి పుడుతుంది. వేడికి కొలాజెన్ పోగులు కొన్ని అప్పటికప్పుడే కుంచించుకుపోతాయి. ఆ తర్వాత కొన్ని నెలల పాటు, గాయం మానేటప్పుడు జరిగినట్టే, శరీరం కొత్త కొలాజెన్ అల్లుకుంటుంది. పై చర్మం కాలకుండా మెషీన్ చల్లబరుస్తూ ఉంటుంది.

ఇందులో రెండు రకాలు గుర్తుపెట్టుకోండి. థర్మేజ్ లాంటి మోనోపోలార్ మెషీన్ లోతుగా వెళ్తుంది. వీపుకో తొడకో ఒక ప్యాడ్ అంటిస్తారు, సాధారణంగా ఒకే సిటింగ్ సరిపోతుంది. కళ్ల చుట్టూ ముడతలకు దీనికి అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ) అనుమతి 2002లోనే వచ్చింది. బైపోలార్ రకం పైపైనే వేడి చేస్తుంది. నొప్పి తక్కువ, కానీ ఐదారు సిటింగ్‌లు కావాలి, ఫలితమూ తక్కువే.

హైఫు, అల్థెరపీ ఒకటేనా?

పని చేసే సూత్రం ఒకటే. భూతద్దంతో ఎండను ఒక చుక్క దగ్గరికి చేర్చినట్టు, అల్ట్రాసౌండ్ తరంగాలను చర్మం కింద ఒక బిందువు దగ్గర కలుపుతారు. పై చర్మానికి ఏమీ కాకుండా ఆ బిందువు దగ్గర మాత్రం 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వేడి పుడుతుంది. లోతును బట్టి 1.5, 3, 4.5 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జ్‌లు (మెషీన్‌కు తగిలించి మార్చే భాగాలు) ఉంటాయి. 4.5 మిల్లీమీటర్ల దగ్గర ఉండేది ఫేస్‌లిఫ్ట్‌లో సర్జన్లు లాగి కుట్టే ఎస్‌ఎంఏఎస్ పొర.

తేడా ఏమిటంటే, అల్థెరపీలో చికిత్స చేస్తూనే తెర మీద లోపలి పొరలు చూడొచ్చు. ఎముకకు దగ్గరగా ఉన్నామా, సరైన పొరలో ఉన్నామా అన్నది తెలుస్తుంది. కనుబొమ్మ ఎత్తడానికి దీనికి 2009లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. హైఫు పేరుతో దొరికే మెషీన్లు ఎన్నో రకాలు, చాలావాటిలో ఆ తెర ఉండదు. చూడకుండా చేసినప్పుడు చేసే మనిషి అనుభవమే మీకు రక్షణ. సాఫ్‌వేవ్ అనే ఇంకో అల్ట్రాసౌండ్ చికిత్స 1.5 మిల్లీమీటర్ల లోతులోనే పనిచేస్తుంది. లోపలి కొవ్వు జోలికి పోదు కాబట్టి సన్నటి ముఖాలకు దాని గురించి అడగొచ్చు.

ఒక్కటే చేయించుకోగలను. థర్మేజా, అల్థెరపీనా?

నేనైతే ముఖం చూసి ఇలా ఆలోచిస్తాను. బుగ్గలు నిండుగానే ఉండి, దవడ గీత దగ్గర, గడ్డం కింద, కనుబొమ్మ దగ్గర జారుడు మొదలైతే అల్థెరపీ వైపు మొగ్గుతాను. లోతైన పొరలో పట్టు దొరుకుతుంది. చర్మం అంతటా పల్చబడి, సన్నగా నలిగి, కళ్ల చుట్టూ వదులుగా ఉంటే థర్మేజ్ వైపు వెళ్తాను. అది వేడిని చుక్కలు చుక్కలుగా కాకుండా విస్తారంగా పరుస్తుంది, కనురెప్పలకు ప్రత్యేకమైన చిన్న టిప్ (చర్మానికి తాకే కొన) కూడా ఉంది.

సన్నటి ముఖం, బుగ్గ ఎముక కింద ఇప్పటికే గుంట ఉంటే ఆ గుంట మీద 4.5 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జ్ పెట్టనివ్వకండి. ఇంక, ఈ రెండింటిలో ఏది గొప్ప అన్న వాదనకు అంత విలువ లేదు. దేంట్లో బాగా చేయి తిరిగిన డాక్టర్ మీకు అందుబాటులో ఉంటే అదే చేయించుకోండి.

మార్ఫియస్8 లాంటి సూదుల ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) అందరికీ మంచిదంటున్నారు. నిజమేనా?

మొటిమల గుంటలు, పెద్ద రంధ్రాలు, గరుకుదనం, వాటితో పాటు కొద్దిపాటి జారుడు ఉన్నవాళ్లకు ఇది నిజంగా మంచి చికిత్స. సన్నటి సూదులు చర్మంలోకి దిగి అక్కడే రేడియో ఫ్రీక్వెన్సీ వేడి వదులుతాయి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో మూడు సిటింగ్‌లు చేస్తారు.

అందరికీ కాదు. 2025 అక్టోబరులో ఎఫ్‌డీఏ ఈ తరహా మెషీన్ల గురించి హెచ్చరిక ఇచ్చింది. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు పోవడం, ఆకృతి చెడటం, నరాలు దెబ్బతినడం వంటి ఫిర్యాదులు అందాయని, కొందరికి సరిచేయడానికి సర్జరీ దాకా వెళ్లాల్సి వచ్చిందని చెప్పింది. ఇది బ్యూటీ సర్వీసు కాదు, వైద్య చికిత్స అని కూడా స్పష్టం చేసింది. కాబట్టి సూది ఎంత లోతు దింపుతారు, నా ముఖంలో ఏ భాగంలో ఎంత అని అడగండి. "అంతటా ఒకే లోతు" అనే జవాబు వస్తే లేచి వచ్చేయండి.

లేజర్‌తో బిగుతు రాదా?

వస్తుంది. 10,600 నానోమీటర్ల సీవోటూ లేజర్ చర్మాన్ని సన్నటి నిలువు చుక్కలుగా ఆవిరి చేసి, మానేటప్పుడు బిగిస్తుంది. ఎండకు బాగా దెబ్బతిని ముడతలు పడ్డ చర్మానికి ఇది బలమైన చికిత్స. కానీ వారం పైన ముఖం ఎర్రగా, పొలుసులతో ఉంటుంది. చామనచాయ, నలుపు చర్మాల్లో మచ్చల ప్రమాదం ఎక్కువ. దవడ జారుడు ఒక్కదాని కోసం నేను లేజర్ ఎంచుకోను.

నా రంగు నలుపు. ఈ చికిత్సల వల్ల మచ్చలు పడతాయా?

ఈ భయం సరైనదే, తేలిగ్గా తీసేయకూడదు. చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి ఆరు రకాలుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు వాడుకలో ఉంది. 4 నుంచి 6 రకాల చర్మం, అంటే ముదురు రంగు చర్మం, ఏ చిన్న గాయానికైనా నల్లమచ్చ వేసుకుంటుంది. రేడియో ఫ్రీక్వెన్సీ, అల్ట్రాసౌండ్ రంగును వెతుక్కుంటూ వెళ్లవు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌తో వాటికి పని లేదు. అందుకే ముదురు రంగు చర్మానికి ఇవి లేజర్ల కంటే సురక్షితం. అయినా వేడి ఎక్కువైతే ఏ రంగు చర్మమైనా కాలుతుంది, కాలిన చోట మచ్చ మానడానికి నెలలు పడుతుంది. మీలాంటి రంగున్నవాళ్లకు చేసిన ముందు, తర్వాత ఫొటోలు చూపించమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

బొటాక్స్, ఫిల్లర్స్, దారాలు కూడా బిగుతు చికిత్సలేనా?

కాదు, వాటి పని వేరు. బొటాక్స్ కండరాన్ని సడలించి, ముఖం కదిలినప్పుడు పడే గీతలను తగ్గిస్తుంది. ఫిల్లర్ తగ్గిన నిండుదనాన్ని నింపుతుంది. జారిన చర్మాన్ని "లేపడానికి" ఫిల్లర్ మీద ఫిల్లర్ వేయించుకుంటే ముఖం ఉబ్బి, గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. పీడీవో అనే పదార్థంతో చేసిన దారాలు చర్మం కింద గుచ్చి లాగుతారు. అవి సుమారు ఆరు నెలల్లో కరిగిపోతాయి, ఎత్తిన ఎత్తు కూడా ఎక్కువకాలం నిలవదు. పాలీ ఎల్ ల్యాక్టిక్ యాసిడ్, కాల్షియం హైడ్రాక్సిల్ అపటైట్ లాంటి ఇంజెక్షన్లు కొలాజెన్‌ను ప్రేరేపిస్తాయి. పీక్కుపోయిన ముఖానికి ఒక్కోసారి మెషీన్ కంటే ఇవే నయం.

కనురెప్పల మీద, కళ్ల కింద చేయించుకోవచ్చా?

దానికోసం తయారైన టిప్‌తో, కంటిలో రక్షణ షీల్డ్ పెట్టి, డాక్టర్ చేస్తేనే. కంటి గూడు ఎముకకు లోపల హైఫు పెట్టకూడదు. శిక్షణ లేనివాళ్లు రెప్పల మీద హైఫు చేయడం వల్ల కంటిలో శుక్లం ఏర్పడిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కళ్ల కింద సంచులు కొవ్వు ముందుకు తోసుకురావడం వల్ల వచ్చి ఉంటే ఏ బిగుతు చికిత్సా వాటిని తీయలేదు.

మెడకు ఏది మంచిది?

మెడ చర్మం పల్చన, నూనె గ్రంథులు తక్కువ, మానడం నిదానం. అందుకే ముఖానికి వాడే సెట్టింగ్ మెడకు పనికిరాదు. చర్మం నలిగినట్టు ఉంటే రేడియో ఫ్రీక్వెన్సీ, గడ్డం కింద వదులుగా ఉంటే అల్ట్రాసౌండ్ ఆలోచించవచ్చు. నిలువు పట్టీలు తేలితే అది కండరం, దానికి బొటాక్స్ వాడతారు.

కాన్పు తర్వాత పొట్ట చర్మం వదులైంది. మెషీన్లతో బాగుపడుతుందా?

కొద్దిగా నలిగినట్టు ఉంటే కొంత మెరుగవుతుంది. కానీ చాలామందిలో అసలు సంగతి లోపలి కండరాలు మధ్యలో విడిపోవడం. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం ఎత్తి బొడ్డు పైన వేళ్లు పెట్టి చూడండి. రెండు మూడు వేళ్లు లోపలికి దిగేంత సందు ఉంటే ముందు ఫిజియోథెరపిస్ట్‌ను కలవండి. ఆ సందును చర్మం మీద పెట్టే ఏ మెషీనూ మూయలేదు. పాలిచ్చే రోజులు అయిపోయి, బరువు నిలిచాకే ఏదైనా ఆలోచించండి. తొందరేం లేదు.

ఇంట్లో వాడే చిన్న మెషీన్లు కొనుక్కోవచ్చా?

భద్రత కోసం వాటిలో శక్తి బాగా తగ్గించి ఉంచుతారు. కాబట్టి వచ్చే మార్పూ అంతే. ఓపిగ్గా వారాల తరబడి వాడితే స్వల్పంగా ఉండొచ్చు. ఇంట్లో హైఫు, సూదుల ఆర్‌ఎఫ్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

## క్లినిక్‌కు వెళ్లే ముందు

ఎవరు చేయించుకోకూడదు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. పేస్‌మేకర్, ఐసీడీ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం), కాక్లియర్ ఇంప్లాంట్ (వినడానికి చెవిలో అమర్చే పరికరం) ఉన్నవాళ్లకు రేడియో ఫ్రీక్వెన్సీ పనికిరాదు. చేసేచోట ఇన్ఫెక్షన్, మానని పుండు ఉంటే వాయిదా వేయాలి. ఎముకలో ప్లేటు, ముఖంలో బంగారు దారాలు, రక్తం పల్చబడే మాత్రలు, ఉబ్బెత్తుగా పెరిగే కీలాయిడ్ మచ్చలు పడే స్వభావం, అదుపులో లేని షుగర్, ల్యూపస్ లాంటి జబ్బులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఉంటే డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. పెదవి దగ్గర తరచూ జ్వరపు పొక్కులు వచ్చేవాళ్లకు లేజర్‌కు ముందు యాంటీవైరల్ మాత్రలు ఇవ్వాలి.

మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడాను. ఎంతకాలం ఆగాలి?

ఒకప్పుడు దేనికైనా ఆరు నెలలు ఆగాల్సిందే అనేవారు. 2017లో నిపుణుల బృందం ఆధారాలు పరిశీలించి, చర్మాన్ని ఒలిచేయని చికిత్సలకు అంత ఆలస్యం అవసరమని చెప్పే ఆధారం లేదని తేల్చింది. ముఖమంతా లోతుగా ఒలిచే లేజర్లు, డెర్మాబ్రేషన్ (చర్మం పై పొరను అరగదీయడం) మాత్రం వాయిదా వేయాలి. ఎప్పుడు ఆపారో తేదీతో సహా డాక్టర్‌కు చెప్పండి.

ఫిల్లర్ వేయించుకున్నాను. దాని మీద చేయించుకోవచ్చా?

వరస అడిగితే, ముందు మెషీన్, తర్వాత ఫిల్లర్. ఇప్పటికే వేయించుకుని ఉంటే ఎక్కడ, ఏ రకం, ఎప్పుడు అన్నది చెప్పండి. కనీసం రెండు వారాలు గడవడం మంచిది. ఫిల్లర్ ఉన్న లోతులోనే వేడి పెట్టే చికిత్స అయితే ఆ భాగాన్ని వదిలేయమని అడగొచ్చు.

మంచి క్లినిక్ అని ఎలా గుర్తుపట్టాలి?

మొదట, మీకు చికిత్స చేసేది ఎవరో పేరుతో సహా అడగండి. మాట్లాడేది డాక్టర్, చేసేది ఇంకెవరో అయితే ఆ ఇంకెవరి శిక్షణ ఏమిటో తెలుసుకోవాలి. రెండోది, "నాకు ఇది వద్దు అనడానికి కారణాలేమైనా ఉన్నాయా?" అని అడిగి చూడండి. ఆలోచించి జవాబు చెప్పేవాళ్లు నమ్మదగినవాళ్లు. క్లినిక్‌లో ఒకే మెషీన్ ఉంటే వచ్చిన ప్రతి ముఖానికీ ఆ మెషీనే మందు అవుతుంది. అందుకని ఇంకో చోట కూడా అభిప్రాయం తీసుకోండి. ఈ రోజే కడితే తగ్గింపు అని ఒత్తిడి చేస్తే ఇంటికి వచ్చేయండి. కాలిపోతే ఏం చేస్తారని అడిగినప్పుడు "అలా జరగదు" అనేవాళ్ల దగ్గర ముఖం పెట్టొద్దు. జరిగితే ఏం చేస్తారో చెప్పగలగాలి.

నకిలీ టిప్‌లు, వాడేసిన టిప్‌లు ఉంటాయంటున్నారు. ఎలా తెలుసుకోవాలి?

థర్మేజ్ టిప్ ఒక మనిషికి ఒక్కసారి వాడేది. అందులో ఇన్ని షాట్లు, అంటే ఇన్నిసార్లు వేడి వదలాలి, అని లెక్క ఉంటుంది. అల్ట్రాసౌండ్ కార్ట్రిడ్జ్‌ల్లో కూడా ఇన్ని లైన్లు అని పరిమితి ఉంటుంది. టిప్ డబ్బా మీ కళ్ల ముందే తెరవమనండి. సీలు చిరిగి ఉండకూడదు. దాని మీది కోడ్‌ను తయారీదారు పద్ధతిలో పరీక్షించి చూపించమనండి. మొదలుపెట్టేముందు తెర మీద షాట్ల సంఖ్య చదువుకోండి, అయ్యాక మళ్లీ చదవండి. నేను చేసేటప్పుడు ఆ సంఖ్యను పైకి చదివి వినిపిస్తాను, మంచం మీద పడుకున్నవాళ్ల మొహంలో టెన్షన్ తగ్గడం కనిపిస్తుంది. ఇలా అడగడం అనుమానించడం కాదు, మీ ముఖం బాధ్యత మీరు తీసుకోవడం.

## చేయించుకునే రోజు

చాలా నొప్పిగా ఉంటుందా?

నిజాయితీగా చెప్పాలంటే అల్థెరపీ నొప్పి పెడుతుంది, ముఖ్యంగా దవడ ఎముక మీద, నుదుటి మీద. లోపల పంటికి ఏదో తగిలినట్టు జివ్వుమంటుంది. నొప్పి లోతులో పుడుతుంది కాబట్టి మత్తు క్రీమ్ దాన్ని పూర్తిగా ఆపలేదు. ముందే నొప్పి మాత్ర ఇస్తారు. థర్మేజ్‌లో ఒక్క క్షణం వేడి, వెంటనే చల్లదనం తెలుస్తాయి. సూదుల ఆర్‌ఎఫ్‌కు ముప్పావు గంట, గంట మత్తు క్రీమ్ పట్టించాలి.

ఓర్చుకోవడం గొప్పతనం అనుకోకండి. భరించలేని వేడి తగిలితే చెయ్యెత్తి ఆపండి. చర్మం కాలబోతోందని మొదట తెలిసేది మీకే, మెషీన్‌కు కాదు. రేడియో ఫ్రీక్వెన్సీకి పూర్తి మత్తు ఇచ్చి పడుకోబెడతామంటే నేను ఒప్పుకోను. ఆ హెచ్చరిక చెప్పే నోరే మూగబోతుంది.

ఎంతసేపు పడుతుంది? మర్నాడు ఆఫీసుకు వెళ్లొచ్చా?

ముఖానికి అటూ ఇటూగా గంట. అల్ట్రాసౌండ్, సూదుల్లేని ఆర్‌ఎఫ్ తర్వాత మర్నాడు వెళ్లొచ్చు, కొద్దిగా వాపు ఉంటుంది. సూదుల ఆర్‌ఎఫ్‌కు రెండు మూడు రోజులు ఎరుపు, చుక్కలు ఉంటాయి. పెళ్లో ఫంక్షనో దగ్గర్లో పెట్టుకుని ఏదీ చేయించుకోకండి.

## తర్వాతి రోజులు, నెలలు

చేయించుకున్న రోజు బాగా బిగిసింది. వారానికి మళ్లీ మామూలైపోయింది. ఏమైంది?

మొదటి రోజు కనిపించిన బిగుతులో చాలా భాగం వాపు. అది దిగిపోవడం సహజం. కొత్త కొలాజెన్ రెండో నెల నుంచి మెల్లగా కనిపించి మూడు నుంచి ఆరు నెలల దాకా పెరుగుతుంది. ఈ మధ్యలో రోజూ అద్దం చూసుకుంటే పిచ్చెక్కుతుంది. చికిత్సకు ముందు ఒకే గోడ ముందు, ఒకే వెలుతురులో, గడ్డం ఒకే ఎత్తులో పెట్టి ఎదురుగా, రెండు పక్కల నుంచి ఫొటోలు తీసుకోండి. మళ్లీ మూడో నెలలో, ఆరో నెలలో అలాగే తీయండి.

దవడ మొద్దుబారింది, నవ్వితే మూతి ఒక పక్కకు పోతోంది. భయపడాలా?

దవడ గీత దగ్గర నరం చర్మానికి దగ్గరగా వెళ్తుంది. వేడికి అది తాత్కాలికంగా మందగిస్తే కింది పెదవి ఒక పక్క కదలదు. ఎక్కువమందిలో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. అయినా ఇంట్లో కూర్చుని ఎదురుచూడకుండా చేసిన డాక్టర్‌కు వెంటనే చెప్పండి. బొబ్బలు, తెల్లగా పాలిపోయిన గీతలు, పెరుగుతున్న నొప్పి, చీము, చూపు మసకబారడం ఉంటే అదే రోజు వెళ్లాలి. చూపులో తేడా వస్తే నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి.

ముఖం బిగుసుకోకపోగా ఇంకా పీక్కుపోయింది. తిరిగి వస్తుందా?

లోతు తప్పి కొవ్వు పొర వేడెక్కితే అక్కడ కొవ్వు కరుగుతుంది. ఇది కొన్ని వారాల తర్వాత, నెలల తర్వాత బయటపడుతుంది. కరిగిన కొవ్వు తనంతట తాను తిరిగి రావడం కష్టం. సరిచేయడానికి ఫిల్లర్, కొలాజెన్ ప్రేరేపించే ఇంజెక్షన్, మీ సొంత కొవ్వు ఎక్కించడం లాంటి దారులున్నాయి. ఇంకోసారి అదే మెషీన్ పెడితే సర్దుకుంటుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీకు వాడిన కార్ట్రిడ్జ్ లోతు, షాట్ల సంఖ్య, శక్తి వివరాలు రాతపూర్వకంగా తీసుకుని వేరే డెర్మటాలజిస్ట్‌కు చూపించండి.

ఎంతకాలం నిలుస్తుంది? ప్రతి ఏటా చేయించుకోవాలా?

స్పందించినవాళ్లలో సుమారు ఏడాది, ఏడాదిన్నర. ఆ తర్వాత మళ్లీ చేయాలా వద్దా అన్నది క్యాలెండర్ చూసి కాదు, ఫొటోలు చూసి నిర్ణయించాలి. మొదటిసారి ఆరు నెలల ఫొటోలో తేడా లేకపోతే రెండోసారి అదే చికిత్సకు నేను డబ్బు తీసుకోను. కారణం చర్మం కాకపోయి ఉండొచ్చు, లేదా జారుడు మెషీన్ స్థాయి దాటి ఉండొచ్చు. అప్పుడు మళ్లీ చేతి అద్దం తీసుకుని, పడుకుని, ముఖం మొదటి నుంచి చూసుకోవడమే సరైన పని.